‘ఏం లేదురా, పనెక్కువ’ అని నవ్వేసే స్నేహితుణ్ని మాట్లాడించడం ఎలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా కలిసి తిరిగిన స్నేహితుడు ఏడాదిగా మనిషి మనిషిలా లేడు. కొత్త ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చిన్న మాటకే కసురుకుంటున్నాడు. నలుగురం కలుద్దామంటే ఏదో వంక పెట్టి తప్పించుకుంటాడు. అర్ధరాత్రి రెండింటికి చూసినా వాట్సాప్‌లో ఆన్‌లైన్‌లోనే ఉంటాడు. ఇదివరకు ఎప్పుడో ఒకసారి తాగేవాడు, ఇప్పుడు వారంలో నాలుగైదు రోజులు తాగుతున్నాడు. మొన్న వాళ్లావిడ ఫోన్ చేసి ‘అన్నయ్యా, మీతోనైనా ఏమైనా చెప్పారా?’ అని అడిగింది. నేను కదిపితే ‘ఏం లేదురా, పనెక్కువ’ అని నవ్వేశాడు. గుచ్చి గుచ్చి అడిగితే ఉన్న స్నేహం కూడా చెడుతుందేమోనని భయం. మేం ఇలాంటివి ఎప్పుడూ మాట్లాడుకున్నవాళ్లం కాదు. వాడి చేత ఎలా మాట్లాడించాలి?

సమాధానం: మీ ఉత్తరంలో మీరే రాసి, మీరే దాటేసిన మాట ఒకటుంది: ‘పనెక్కువ’. మీకది తప్పించుకోవడానికి అన్న మాటలా వినిపించింది. మగవాళ్లు మనసు సంగతి చెప్పడం మొదలుపెట్టేది చాలాసార్లు ఇలాంటి మాటతోనే. పని, నిద్ర, నడుంనొప్పి, అప్పు. ‘నా మనసు బాగాలేదు’ అని ఎత్తుకునేవాళ్లు తక్కువ. ముందు ఒక మామూలు మాట వదిలి, ఎదుటివాడు అందుకుంటాడా లేదా అని చూస్తారు. అతను నవ్వాడు, మీరూ నవ్వి ఊరుకున్నారు. ఈసారి కలిసినప్పుడు ఆ మాటనే పట్టుకోండి. ‘మొన్న పనెక్కువ అన్నావు కదా, ఇంటికొచ్చాక కూడా అదే బుర్రలో తిరుగుతూ ఉంటుందా?’ అంటే చాలు. కొత్తగా ఏ తలుపూ తట్టక్కర్లేదు, అతను కాస్త తెరిచి పెట్టినదే ఉంది.

ఇంకొకటి. మాట్లాడించడం ఎలా అని అడిగారు గానీ, అతను మాట్లాడిన మొదటి రెండు నిమిషాల్లో మీరేం చేస్తారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఎవరితోనూ ఏమీ చెప్పుకోడు అనిపించే మగవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకసారి చెప్పి చూసినవాళ్లే. అప్పుడు ఎదురైంది ఒక జోకో, ఒక ఉపన్యాసమో, ‘మగాడివై ఉండి ఇదేంట్రా’ అన్న మాటో అయి ఉంటుంది. ఆ రోజు పడిన తాళమది. కాబట్టి అడిగే విద్య కంటే వినే విద్యకే ఎక్కువగా సిద్ధపడండి.

ముందు మీరు చూస్తున్నదేమిటో తెలుసుకోవాలి. డిప్రెషన్ అనగానే దిగాలుగా కూర్చుని కన్నీళ్లు పెట్టుకునే మనిషి గుర్తొస్తాడు. మగవాళ్లలో అది చాలాసార్లు చిరాకుగా, కోపంగా, తాగుడుగా, దూకుడుగా బండి నడపడంగా, తల ఎత్తకుండా పనిలో కూరుకుపోవడంగా, అంతుపట్టని ఒళ్లు నొప్పులుగా బయటపడుతుంది. దీన్ని వైద్యులకు గట్టిగా నేర్పిన అనుభవం స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిది. 1983, 1984లలో అక్కడి కుటుంబ వైద్యులకు డిప్రెషన్‌ను గుర్తుపట్టి చికిత్స చేయడంలో శిక్షణ ఇచ్చారు. తర్వాత దీవిలో ఆత్మహత్యలు తగ్గాయి. లెక్కలు విడదీసి చూస్తే తగ్గింది ప్రధానంగా ఆడవాళ్లలోనే. మగవాళ్ల సంఖ్యలో పెద్దగా కదలిక లేదు. మగవాళ్లు వైద్యుడి దగ్గరికి రావడమే తక్కువ, వచ్చినా వాళ్లలో కనిపించేది వైద్యులు నేర్చుకున్న లక్షణాల్లా ఉండదు. ఆ పని నడిపించిన వోల్ఫ్‌గాంగ్ రుట్జ్, ఆయన సహచరులు ఆ తర్వాత మగవాళ్ల కోసమే 13 ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. ఒత్తిడి, కసురుకోవడం, తనను తాను అదుపు చేసుకోలేకపోవడం, నిద్ర పాడవడం, తాగుడు లేదా పనిలో మునిగిపోవడం వంటివి అందులో అడుగుతారు. మీ ఉత్తరంలోని లక్షణాలు దీనికి దగ్గరగానే ఉన్నాయి. అంతమాత్రాన అతనికి డిప్రెషన్ అని మీరు తేల్చకండి, అతని ముందు ఆ మాట వాడకండి. అది వైద్యుడి పని. మీ దగ్గరున్నది మీరు కళ్లారా చూసినది మాత్రమే, అదే మీ బలం కూడా.

ఇక ఎక్కడ, ఎప్పుడు అన్నది. ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘నీతో మాట్లాడాలి’ అంటే విచారణలా ఉంటుంది, సగం మంది అక్కడే బిగుసుకుపోతారు. పక్కపక్కన ఉండి, చేతులకో కాళ్లకో పని ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. నడక, కారు ప్రయాణం, బండి కడగడం, సామాన్లు సర్దడం, ఏదైనా సరే. చూపులు కలపక్కర్లేదు, మౌనం వచ్చినా ఇబ్బందిగా ఉండదు. ఇద్దరే ఉండాలి. నలుగురి మధ్య అడిగితే జోకుతో తిప్పికొడతాడు, ఆ జోకు తర్వాత మళ్లీ అడగడం కష్టం. తాగి ఉన్నప్పుడు వద్దు. ఆ పూట గుండెలోదంతా కక్కేసినట్టే ఉంటుంది, మర్నాడు సగం గుర్తుండదు, గుర్తున్న సగానికి సిగ్గుపడతాడు. గంటన్నర ఖాళీ పెట్టుకోండి, అందులో చివరి అరగంట మరీ ముఖ్యం. అసలు సంగతి చాలాసార్లు ‘సరే మరి, వెళ్తా’ అనే ముందు బయటికొస్తుంది. అప్పుడు మీరు గడియారం చూసుకుంటే అయిపోయినట్టే.

‘ఎలా ఉన్నావ్?’ అనేది పలకరింపే తప్ప ప్రశ్న కాదు. దానికి ‘బానే ఉన్నా’ అనడం మర్యాద. అందుకని ముందు మీరు చూసినవి రెండే రెండు, తేదీలతో సహా చెప్పండి. ‘గత రెండు నెలల్లో మూడుసార్లు కలుద్దామంటే రానన్నావు. మొన్న మంగళవారం రాత్రి రెండింటికి కూడా మేలుకునే ఉన్నావు. నువ్వు ఇదివరకు ఇలా లేవు. నాకు బెంగగా ఉంది. ఏం జరుగుతోందిరా?’ ఇంతే. ‘నువ్వు మారిపోయావు’ అంటే నిందలా తగులుతుంది. ‘నాకు బెంగగా ఉంది’ అంటే మీ సంగతి మీరు చెప్పినట్టు, దాన్ని ఎవరూ కాదనలేరు. తాగుడు ఊసు మొదటి రోజు ఎత్తకండి, వాదనంతా దాని చుట్టూనే తిరుగుతుంది. వాళ్లావిడ ఫోన్ చేసిందని కూడా చెప్పకండి. తన వెనక అందరూ మాట్లాడుకుంటున్నారనిపిస్తే ఇంట్లో కూడా నోరు మూసుకుంటాడు.

అడిగాక నోరు కట్టేసుకోండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఆ పది అంకెలు పది నిమిషాల్లా ఉంటాయి, అయినా భరించాలి. చాలామంది ఇక్కడే పాడుచేస్తారు. మౌనం తట్టుకోలేక ‘బహుశా ఆఫీసు టెన్షన్ అయి ఉంటుందిలే’ అని జవాబు తామే అందిస్తారు. ఎదుటివాడు ‘ఆ, అదే’ అని హాయిగా బయటపడతాడు. ‘ఏం లేదు’ అంటే ఇంకొక్కసారి, గొంతు మార్చకుండా అడగండి: ‘నిజంగానా? చెప్పాలనిపిస్తేనే చెప్పు, నాకు తొందరేం లేదు.’ రెండోసారి కూడా కాదంటే అక్కడితో ఆపండి. మూడోది పోలీసు ప్రశ్న అవుతుంది.

మాట్లాడాడనుకుందాం. మీ నాలుక చివర సలహా ఒకటి సిద్ధంగా ఉంటుంది. మింగేయండి. మగవాళ్ల స్నేహాల్లో సమస్య చెప్పగానే పరిష్కారం ఇవ్వడమే ప్రేమ అనుకుంటాం, బండి చెడిపోతే అది పనికొస్తుంది కూడా. మనసు విషయంలో ‘ఉద్యోగం మానెయ్, పొద్దున్నే పరుగెత్తు’ అనడం ‘ఇంత తేలికైన దానికి ఇన్నాళ్లు బాధపడ్డావా’ అన్నట్టు వినిపిస్తుంది. ‘ధైర్యంగా ఉండు’ ఇంకా అన్యాయం. ఏడాదిగా అతను చేస్తున్నది అదే. ‘నాకు మాత్రం లేవా కష్టాలు’ అంటే సంభాషణ మీ మీదికి మళ్లుతుంది. ‘పిల్లల మొహం చూసి బతకాలిరా’ అనేది మంచి మనసుతో అనే మాటే, కానీ ఉన్న బరువు మీద అపరాధ భావాన్ని కూడా పెడుతుంది.

మరి ఏమనాలి? అతని మాటనే తిరిగి ఇవ్వండి. ‘పొద్దున లేవాలంటేనే విసుగ్గా ఉంటోంది’ అన్నాడా, ‘లేవాలంటేనే విసుగు...’ అని ఆగండి. మిగతాది అతనే పూరిస్తాడు. వింటున్నంతసేపూ చిన్న చిన్న ప్రశ్నలు: ఎప్పటి నుంచి? రోజులో ఏ పూట ఎక్కువ? ఏం చేస్తే కాస్త తగ్గుతుంది? ‘నీకేమనిపిస్తోంది?’ అని అడిగితే చాలామంది మగవాళ్లు నిజంగానే తెల్లమొహం వేస్తారు. దాస్తున్నారని కాదు, చిన్నప్పటి నుంచీ కోపానికి తప్ప వేరే భావానికి పేరు పెట్టే అలవాటు ఉండదు. ఒంటి గురించి అడిగితే మాట దొరుకుతుంది. ‘ఛాతీలో బరువుగా ఉంటుందా, కడుపులో తిప్పుతుందా, దవడ బిగుసుకుంటుందా?’ అంకె అడగడం కూడా పనిచేస్తుంది: ‘పదిలో ఎంత? పోయిన నెల ఎంత?’ ఏడిస్తే ఏడవనివ్వండి. నీళ్ల సీసా అందించండి, భుజం మీద చెయ్యి వేసే చనువు ఉంటే వేయండి, ‘ఊరుకోరా’ అని మాత్రం అనకండి. ఊరుకోవడమే కదా అతని జబ్బు! చివర్లో ‘చెప్పి మంచి పని చేశావు. ఇప్పుడు సలహా కావాలా, వింటే చాలా?’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న మీ ఇద్దరికీ బోలెడు ఇబ్బంది తప్పిస్తుంది.

అస్సలు మాట్లాడకపోతే ఓడిపోయినట్టు కాదు. ఇంటికి వెళ్లాక ఒక మెసేజ్ పెట్టండి: ‘ఇవాళ అడిగింది మనసులో పెట్టుకోకు. ఎప్పుడు మాట్లాడాలన్నా నేనున్నా, అర్ధరాత్రి అయినా సరే.’ రాసేటప్పుడు తేలిగ్గా చెప్పగలిగేవాళ్లు కొందరుంటారు. రెండింటికి మేలుకుని ఉండే మనిషి ఆ రెండింటికే జవాబివ్వొచ్చు. పది రోజుల్లోపు మళ్లీ కలవండి. ఈసారి మీ వైపు నుంచి నిజమైన సంగతి ఒకటి, చిన్నదే, చెప్పండి: మీకు నిద్ర పట్టని రాత్రో, మీరు భయపడిన రోజో. రెండు వాక్యాలు మించొద్దు. మీ దగ్గర ఇలాంటి మాట చెల్లుతుందని అతనికి తెలియడానికి మాత్రమే అది.

ఇప్పుడు అందరూ తప్పించుకునే ప్రశ్న. మాటల్లో ‘నేను లేకపోతే అందరికీ హాయి’, ‘ఇక చాలు అనిపిస్తోంది’ లాంటివి దొర్లినా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, అప్పులూ కాగితాలూ హఠాత్తుగా సర్దేస్తున్నా, చాలాకాలం కుంగి ఉన్నవాడు ఉన్నట్టుండి తేలికపడి ప్రశాంతంగా కనిపించినా, సూటిగా అడగాలి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఆత్మహత్య ఆలోచన వస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరికీ భయం. పుట్టదు. ఈ విషయాన్ని పరిశోధకులు పలుమార్లు పరీక్షించి చూశారు. అడగడం వల్ల ప్రమాదం పెరగలేదు, కొందరికి ఊరట కూడా కలిగింది. ‘అలాంటి పిచ్చి పనులేం చేయవు కదా?’ అని అడగడం మాత్రం అడగనట్టే. దానికి ‘చేయను’ తప్ప వేరే జవాబు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో 7,27,000 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్ల మరణాల రేటు రెట్టింపు కంటే ఎక్కువ. మీ మొహమాటాన్ని ఈ అంకె పక్కన పెట్టి చూసుకోండి.

‘అవును’ అంటే కంగారు పడకండి, ప్రమాణాలు చేయించుకోకండి. మూడు సంగతులు అడగండి: ఎలా అని ఆలోచించావా, అందుకు కావలసినవి చేతికి అందేలా ఉన్నాయా, ఎప్పుడని అనుకున్నావా? మూడింటికీ జవాబు ఉందంటే అది అత్యవసరం. ఒంటరిగా వదలకండి. ఆసుపత్రి అత్యవసర విభాగానికి మీరే తీసుకెళ్లండి, లేదా అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. పురుగుమందులు, మిగిలిపోయిన మాత్రలు, ఆయుధాలు ఏమున్నా ఇంట్లోంచి తీయించండి. చావాలన్న తీవ్రమైన ఉద్వేగం చాలామందిలో కొద్దిసేపట్లో తగ్గుతుంది. ఆ కొద్దిసేపు సాధనం అందకపోతే ప్రాణం నిలుస్తుంది. మద్యం ఆ ఉద్వేగాన్ని పెంచి, వెనక్కి లాగే ఆలోచనను తగ్గిస్తుంది కాబట్టి ఆ పూట అది కూడా అందుబాటులో ఉండకూడదు. ఆలోచన ఉంది గానీ పథకం లేదంటే, మీ దగ్గర పనిచేసే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ నంబరు అతని ఫోన్‌లో మీ ముందే సేవ్ చేయించి, ఒకటి రెండు రోజుల్లో వైద్యుణ్ని కలిసేలా చూడండి.

రహస్యం సంగతి ముందే తేల్చుకోండి. ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్’ అంటే వేయకండి. ‘నీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే తప్ప ఎవరికీ చెప్పను, చెప్పాల్సి వస్తే ముందు నీకే చెప్తా’ అనండి. ఈ మాట నిలబెట్టుకోగలరు. వాళ్లావిడ మళ్లీ ఫోన్ చేస్తే అతను చెప్పినవి మోయకండి. ‘నేను కలుస్తున్నానమ్మా, వదిలిపెట్టను. నీకు భయం వేసే మాట గానీ పని గానీ కనిపిస్తే ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యి’ అంటే ఆవిడకు కావలసింది దొరుకుతుంది.

వైద్యుడి దగ్గరికి పంపడం తర్వాతి మెట్టు. చిరాకు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉంటే చూపించాల్సిందే. సైకియాట్రిస్టు అన్న మాటకే వెనకాడితే మామూలు జనరల్ డాక్టరుతో మొదలుపెట్టండి. నిద్ర పట్టడం లేదని వెళ్లడం ఏ మగవాడికీ నామోషీ కాదు. అక్కడ తడబడకుండా చెప్పడానికి రెండు వాక్యాలు కాగితం మీద రాసుకోమనండి: ‘మూడు నెలలుగా రాత్రి మూడు నాలుగు గంటలకు మించి నిద్ర లేదు. అందరి మీదా అరుస్తున్నాను, వారంలో ఇన్ని రోజులు, ఇంత తాగుతున్నాను.’ తాగే లెక్క నిజం చెప్పడం ముఖ్యం. మద్యం త్వరగా నిద్రపుచ్చినట్టే ఉండి రాత్రి రెండో సగంలో నిద్రను చెడగొడుతుంది, మనసును ఇంకా కుంగదీస్తుంది. కాబట్టి రెండింటికి మేలుకునే మీ స్నేహితుడి విషయంలో ఏది కారణమో, ఏది ఫలితమో డాక్టరు విడదీయాలి. ఒక హెచ్చరిక: రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతి తప్పడం రావొచ్చు. ఆపడం డాక్టరు పర్యవేక్షణలో జరగాలి.

థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం, గురకతో ఊపిరి ఆగే జబ్బు లాంటివి కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి పరీక్షలు రాస్తే చేయించుకోమనండి. తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి నింపమని ఇవ్వొచ్చు, దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎన్ని రోజులు ఉందో 0 నుంచి 3 దాకా వేసుకోవాలి, మొత్తం గరిష్ఠంగా 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే లోతుగా చూస్తారు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. మొత్తం ఎంత తక్కువ వచ్చినా అక్కడ సున్నా లేకపోతే దాని గురించి విడిగా మాట్లాడాలి.

మందులు రాస్తే మధ్యలో మానేయడమే మగవాళ్లలో తరచూ జరిగే తప్పు. ఎక్కువగా రాసే రకాలు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం పది రోజులు కడుపులో తిప్పడం, కంగారు పెరగడం ఉండొచ్చు. మంచి ఇంకా కనిపించదు, చెడు ముందే కనిపిస్తుంది, అక్కడ ఆపేస్తారు. ఇంకో కారణం ఎవరూ పైకి చెప్పరు. వీటిలో కొన్ని లైంగిక కోరికను, సామర్థ్యాన్ని తగ్గిస్తాయి. డాక్టరుకు చెబితే మోతాదో మందో మార్చే దారి ఉంది. చెప్పడానికి సిగ్గుపడి మాత్రలే మానేస్తే, జబ్బు తిరగబెట్టడంతో పాటు హఠాత్తుగా ఆపినందుకు తలతిరుగుడు, చిరాకు వస్తాయి. ఇదంతా ముందే తెలిసిన స్నేహితుడు పక్కనుంటే ఎంతో మేలు. నెమ్మదించాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. కౌన్సెలింగ్ అయితే మొదటి మనిషితో కుదరకపోవచ్చు. మూడు నాలుగుసార్లు వెళ్లి చూసి, అప్పటికీ కుదరకపోతే మనిషిని మార్చుకోవచ్చు, చికిత్సనే వదిలేయక్కర్లేదు. మొదటిసారి అపాయింట్‌మెంట్ మీరే తీసుకుని, కారులో తీసుకెళ్లి, బయట కూర్చోండి. ‘వెళ్లు’ అనడం కంటే ‘గురువారం ఐదింటికి వస్తా, రెడీగా ఉండు’ అనడం పనిచేస్తుంది.

చివరగా, అతను మనసు విప్పిన మర్నాడు. ఆ రోజు గురించి ఎవరూ చెప్పరు, చాలా స్నేహాలు తడబడేది అక్కడే. రాత్రి చెప్పేటప్పుడు తేలికపడిన మనిషికి పొద్దున లేవగానే ‘అనవసరంగా వాగానేమో, వీడిప్పుడు నన్నేమనుకుంటున్నాడో’ అన్న సిగ్గు పట్టుకుంటుంది. మీరు కూడా ఇబ్బందిపడి రెండు రోజులు పలకరించకపోతే అది రుజువైపోతుంది. పొద్దున పదిలోపు అతనికి మెసేజ్ పెట్టండి. ఒక వాక్యం నిన్నటి గురించి: ‘నిన్న చెప్పావు కదా, నాకు నీ మీద గౌరవం పెరిగింది.’ రెండోది పూర్తిగా మామూలుది, ఎప్పుడూ మీరిద్దరూ మాట్లాడుకునే ఆటో, సినిమానో, ఆ పాత బండి రిపేరో. ఆ రెండో వాక్యాన్ని మాత్రం మర్చిపోకండి.